పిల్లికి దారి చెప్పిన మా అత్త

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే కూరగాయలు తెచ్చుకుందామని సెల్లార్లోకి దిగేసరికి మా వాచ్‌మన్ ఒక గోనెసంచి మూతి బిగించి కడుతున్నాడు. సంచి దానంతటదే కదులుతోంది. లోపల్నుంచి సన్నగా ఒక మ్యావు, వెంటనే ఒక తుమ్ము. పిల్లి తుమ్మడం మీరెప్పుడైనా విన్నారా? చంటిపిల్ల తుమ్మినట్టే ఉంటుంది. ఆ తుమ్ము వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఏంటయ్యా అది?" అన్నాను.

"పిల్లండీ. కార్ల మీద గీతలు పడుతున్నాయంటండీ. హైవే అవతల వదిలేసి రమ్మన్నారు ప్రెసిడెంటుగారు."

"పిల్లి సంగతి కాదు. ఆ బస్తా ఏం బస్తా?"

"మిరపకాయల బస్తానండీ. మా బావమరిది మిర్చి యార్డులో పని చేస్తాడు. ఖాళీవి ఉంటే తెచ్చి ఇస్తుంటాడు."

"ముందు మూతి విప్పు! నువ్వు విప్పుతావా, నేనొచ్చి విప్పనా?"

నా కేకకి పైన రెండు మూడు బాల్కనీల్లోకి జనం వచ్చారు. మోకాళ్ళ నొప్పులని లిఫ్టులో కూడా కుర్చీ కావాలనే మనిషి పిల్లి కోసం ఇంత గొంతు చించుకుంటుందని మా బ్రాడీపేట అపార్ట్‌మెంట్లో ఎవరూ అనుకోలేదు. నిజానికి నేనేమీ పిల్లుల్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దులాడే మనిషిని కాను. కానీ మిరపకాయల బస్తాలో పిల్లిని వేస్తే ఏమవుతుందో ఈ గుంటూరులో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మా ఇంట్లో ఆ కథ నా చిన్నప్పట్నుంచీ చెప్పుకుంటూనే ఉన్నాం, చెప్పుకున్నప్పుడల్లా నవ్వుతూనే ఉన్నాం.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. సగం చేను పత్తి, సగం మిరప. నేను చెప్పేది పత్తితీతలు అయిపోయి, మిరపకాయలు కల్లాలకెక్కే రోజుల సంగతి. ఊరి చుట్టూ ఎక్కడ చూసినా ఎర్రగా కాయలు ఆరబోసి ఉండేవి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ దగ్గరికెళితే కళ్ళూ ముక్కూ మన మాట వినవు. ఊరు ఊరంతా తుమ్ముతూనే మాట్లాడుకునేది. పెళ్ళిమాటల మధ్య ఎవరైనా తుమ్మితే మిగతా ఊళ్ళలో అపశకునమని లేచిపోతారట. మా ఊళ్ళో ఆ పట్టింపు పెట్టుకుంటే ఒక్క పెళ్ళీ అయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే అమ్మ కొరివికారం పెట్టేది. పండుమిరపకాయలు, ఉప్పు, కొత్త చింతపండు వేసి రోట్లో దంపుతుంటే ఆ వాసనకి వీధిలో పోయేవాళ్ళు కూడా గుమ్మం దగ్గర ఆగి "ఏమ్మా, అయిందా?" అని అడిగేవాళ్ళు. వేడన్నంలో ఇంత కారం, పైన నెయ్యి. తింటున్నంతసేపూ కళ్ళలో నీళ్ళు, చెవుల్లోంచి పొగలు. అయినా చెయ్యి ఆగదు. చివర్లో మజ్జిగ గ్లాసు కోసం నేనూ మా బాబాయీ కొట్టుకునేవాళ్ళం. ఆయనకి మీసాలొచ్చాయి గానీ బుద్ధి మాత్రం నా వయసు దగ్గరే ఆగిపోయిందని అమ్మ అనేది.

ఆ ఇంటికి అసలైన పెద్ద మా అత్తయ్య. నాన్నకీ బాబాయికీ అక్క. ఆమె మాతోనే ఎందుకు ఉంటుందో నాకు తెలియదు, అడగాలని కూడా ఎప్పుడూ తోచలేదు. అందరిళ్ళలోనూ ఒక అత్త ఉంటుందనుకునేదాన్ని. పొడగరి. కొంగు నడుముకి దోపి దొడ్లో నిలబడి ఒక్క కేక వేసిందంటే, కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. రొంటిన ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది. అది నాకోసం అని నేననుకునేదాన్ని. దొడ్లోకొచ్చే కుక్కపిల్లలకీ దూడలకీ కూడా అదే ముక్కలో వాటా ఉందని తర్వాత తెలిసి, రెండు రోజులు అలిగాను.

మా ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు పత్తిగది. ధర వచ్చేదాకా పత్తిని ఆ గదిలో వాసాల దాకా పోసి ఉంచేవారు. అందులోకి వెళ్ళకూడదని నాన్న ఆజ్ఞ. ఆజ్ఞ ఉంది కాబట్టి నేను రోజూ వెళ్ళేదాన్ని. కిటికీ ఎక్కి పత్తిలోకి దూకితే నడుం దాకా మునిగిపోతాం. ఎండ వాసన, గింజల నూనె వాసన, కాస్త దుమ్ము. పైకొచ్చేసరికి జుట్టంతా తెల్లగా ముసలమ్మలా అయ్యేది. ఆ జుట్టు చూసే అమ్మ నన్ను పట్టుకునేది.

ఒకరోజు అలా దూకేసరికి నా చెవి పక్కనే ఏదో బుస్సుమంది. పామనుకుని నేను పెట్టిన కేకకి అత్త కర్ర పట్టుకుని వచ్చింది. వచ్చి, వంగి చూసి, కర్ర పక్కన పెట్టేసింది.

"ఒసే, గట్టిగా అరవకు. బాలింతరాలు," అంది.

పత్తిలో గుంట చేసుకుని ఒక బూడిదరంగు పిల్లి పడుకుని ఉంది. ఒక చెవి చిరిగిపోయింది. పొట్ట దగ్గర కళ్ళు తెరవని పిల్లలు రెండు. చేలల్లో తిరిగే పిల్లి అది, ఎవరిదీ కాదు. గది వెనక గోడ అడుగున దొడ్లోకి ఒక కంత ఉండేది, ఎప్పుడో పెద్దవాళ్ళు కట్టినప్పట్నుంచీ ఉన్నది. అందులోంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది. మనుషుల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మనం చూస్తుంటే పాలు కూడా తాగేది కాదు. అత్త మూకుట్లో మజ్జిగన్నం కలిపి, అమ్మ చూడకుండా నేను తెచ్చిన ఎండురొయ్యలు నాలుగు పైన వేసి, అక్కడ పెట్టి మేమిద్దరం గోడ వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. వెనక నుంచి చప్పుడు వినిపించేది. అదే మాకు పండగ. దానికి నేను మనసులో ఏమని పేరు పెట్టుకున్నానో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఈ కాపురం సంగతి నాన్నకి తెలిసింది.

"అక్కా, షావుకారు వచ్చి పత్తిలో చెయ్యి పెట్టేసరికి పిల్లి కంపు కొడితే ఏమంటాడు? ఉగాది ముందు లారీ వస్తుంది. పత్తి వెళ్ళగానే గదికి సున్నం వేయించి, ఆ కంత సిమెంటుతో పూడ్పించేస్తాను. నాలుగు మూలలా ఎలకల మందు పెడతాను. ఈలోపు నీ సంసారాన్ని ఎక్కడికైనా పంపెయ్."

మందు తిన్న ఎలకని తిని, అంతకుముందు ఏడు ఒక పిల్లి మా అరుగు మీదే గిలగిల్లాడి చచ్చిపోయింది. ఆ రోజు అత్త అన్నం తినలేదు. నాకూ అది గుర్తుంది. అంటే ఉగాది లోపల ఈ మూడింటికీ ఇళ్ళు దొరక్కపోతే నా బూడిద పిల్లికీ అదే గతి. ఆ సంగతి అర్థమయ్యాక నాకు కొరివికారం కూడా రుచించలేదు.

మర్నాడు అత్త పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. "పదవే, సంబంధాలు చూసొద్దాం," అంది.

మొదటి సంబంధం చిల్లరకొట్టు. కొట్టాయన అత్తని చూసి, "ఏం చెల్లెమ్మా, పొద్దున్నే వచ్చావు?" అన్నాడు. అత్త జవాబు చెప్పకుండా కొట్టంతా కలియదిరిగింది. కందిపప్పు బస్తాల వెనక వంగి చూసింది, బెల్లం బుట్ట మూత తీసి చూసింది, చూరు వంక చూసింది. పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివారు కూడా అంత చూడరు.

"నీకో పిల్లినిద్దామనుకుంటున్నా అన్నయ్యా."

"ఇయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది. బస్తాలన్నీ కొరికి పారేస్తున్నాయి."

"ఊరికే ఇవ్వను. నువ్వు నాకు మాటివ్వాలి. ఎలకల మందు పెట్టకూడదు."

"పిల్లుంటే మందెందుకులే."

"పూటకింత అన్నం పెట్టాలి."

"ఎలకల్ని తింటుందిగా, మళ్ళీ అన్నమెందుకమ్మా?"

"నీ గుమాస్తా పని చేస్తూ చేస్తూ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడు. అలాగని జీతం మానేశావా?"

గుమాస్తా గబగబా నోరు తుడుచుకున్నాడు.

"ఇంకో మాట. తలుపులు వేసినా అది బయటికి రావడానికి ఎక్కడో ఒక సందు ఉంచాలి."

"సందుంచితే పారిపోదూ?"

"బాగా చూసుకుంటే ఎందుకు పోతుంది? బాగా చూసుకోకపోతే పోవద్దా మరి?"

కొట్టాయన నవ్వి, తక్కెడ మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

కళ్ళు తెరిచి అన్నం మరిగాక పిల్లని పంపిన రోజు ఇంకా తమాషా. మా వైపు పిల్లిని వేరే ఇంటికి ఇవ్వాలంటే గోనెసంచిలో వేసి, మూతి కట్టి, గిరగిరా మూడు చుట్లు తిప్పి తీసుకెళతారు. దిక్కు తెలియకూడదని, తిరిగి రాకూడదని. అత్త ఆ పద్ధతి ఒప్పుకోలేదు. కోళ్ళగంపలో పెట్టింది, వెదురుబద్దల సందుల్లోంచి బయటికి కనిపిస్తుందని. దానితోపాటు సారె: పుట్టిన చోటి పత్తి దోసెడు, అన్నం తిన్న మూకుడు. గంప చంకనెత్తుకుని వీధిలో నడుస్తూ చెప్పుకుంటూ పోయింది. "ఇదుగో, ఇది మంచినీళ్ళ బావి. ఇక్కడ కుడివైపు తిరగాలి. ఇది కమ్మరికొలిమి. కొలిమి దగ్గర కుక్కుంటుంది, గోడ మీదగా రావాలి."

అరుగుల మీదవాళ్ళు పడీ పడీ నవ్వారు. "ఏమమ్మోయ్, పిల్లికి ఊరు చూపిస్తున్నావా?"

"మీకు చూపించాల్సిన పని లేదుగా, మీరెటూ అరుగు దిగరు," అంది అత్త.

నేను అడిగాను. "అత్తా, దారి తెలిస్తే తిరిగొచ్చేస్తుంది కదా?"

"రావాలనిపిస్తే రావద్దా ఏం?" అంది. ఆమె గొంతులో కోపం ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ పిల్ల రాలేదు. కొట్టులో కందిపప్పు బస్తా మీద రాణీగారిలా కూర్చుంది. అప్పట్నుంచీ కొట్టాయన మాకు వియ్యంకుడు. నేను బడికి వెళుతూ "మీ కోడలు బాగుందా?" అని అడిగితే దోసెడు బఠాణీలు పెట్టేవాడు. నేను రోజుకి రెండుసార్లు కోడలి క్షేమం అడగడం మొదలుపెట్టాక, ఒక్కసారికే పెట్టేవాడు. రెండో పిల్ల బియ్యం మిల్లుకి వెళ్ళింది. అక్కడ తవుడులో దొర్లి దొర్లి దాని అసలు రంగేమిటో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

చిక్కంతా తల్లితోనే. చెయ్యి వెయ్యనివ్వని పిల్లిని ఎవరు పెట్టుకుంటారు? ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు అత్తకి పెదకాకాని సత్రం గుర్తొచ్చింది. ఆదివారాలు గుడికి వెళ్ళినప్పుడు ఆమె కూరలు తరిగిపెట్టే సత్రం అది. అక్కడి వంటావిడ పెద్ద ముసలావిడ, మహా మడి. మేమిద్దరం బస్సెక్కి వెళ్ళి సంగతి చెప్పాం.

"పిల్లయితే కావాల్సిందేనే అమ్మాయ్," అందావిడ. "బియ్యం కొట్లోకి అడుగు పెట్టనివ్వడం లేదు ఎలకలు. కానీ ఇది దేవుడి సత్రం. ఇక్కడ నీచు పనికిరాదు. మీ పిల్లి ఎలకల్ని తినకూడదు. తరిమితే చాలు."

అత్త మొహం ఏమాత్రం మారలేదు. "తినదు పిన్నిగారూ. మా పిల్లి ఎండురొయ్య కూడా ఎరగదు."

నేను నవ్వు ఆపుకోలేక కొంగులో మొహం దాచుకుందామంటే నాకు కొంగు లేదు, అత్త కొంగే లాక్కున్నాను. మాటలన్నీ అయ్యాయి. మందు పెట్టనంది, అన్నం పెడతానంది, కిటికీకి ఒక ఊచ ఎలాగూ లేదంది.

ఇక పిల్లిని గంపలోకి రప్పించాలి. అత్త రోజూ కోళ్ళగంప పక్కకి వాల్చి, మూకుడు మొదట గంప బయట, తర్వాత అంచు దగ్గర, తర్వాత లోపల పెడుతూ వచ్చింది. తొందరపెట్టడం లేదు. పిల్లి తల లోపల పెట్టి తిని, వెనక్కి వచ్చేసేది. నాకు ఒక పక్క అది లోపలికెళ్ళాలని, ఒక పక్క ఎప్పటికీ వెళ్ళకూడదని. రెండూ దేవుడికి మొక్కుకున్నాను, ఆయనకి ఏం చెయ్యాలో పాలుపోయి ఉండదు.

సరిగ్గా అప్పుడే బాబాయి కొత్త మోటారుసైకిలు కొన్నాడు. కొత్త బండి కొంటే మా వైపు ఎవరైనా ముందు పెదకాకాని తీసుకెళ్ళి పూజ చేయించాల్సిందే. ఆ పొద్దున షావుకారు లారీ అనుకున్నదానికంటే ముందే వీధి మొదట్లోకి వచ్చేసింది. అత్త కల్లంలో ఉంది. నాన్న కంగారుపడుతున్నాడు. బాబాయికి గొప్ప ఆలోచన వచ్చింది. ఎలాగూ పెదకాకాని వెళుతున్నాడు, పిల్లినీ తీసుకుపోతే అక్క సంతోషిస్తుంది. చేతులకి తువ్వాళ్ళు చుట్టుకుని, మూకుడు మీద వంగి ఉన్న పిల్లిని పట్టి, చేతికందిన సంచిలో వేసి, మూతి కట్టి, మూడు చుట్లు తిప్పి, బండి వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సంచి అప్పుడే ఖాళీ చేసిన మిరపకాయల టిక్కీ. ఏడాదంతా మిరపకాయల మధ్య బతికే మనుషులం, తుమ్ముతూనే ఉంటాం గానీ ఆ ఘాటుని పట్టించుకోం. ఆయనకి సంచి సంచిలాగే కనిపించింది.

మిగతాది బాబాయి నోటితోనే విన్నాం. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి కళ్ళు దొండపండ్లలా ఉన్నాయి, ముక్కు మీద మూడు గీతలు.

"బండికి బొట్లు పెట్టారు. దండ వేశారు. పూజారిగారు మంత్రం ఎత్తుకోగానే వెనక సంచి తుమ్మింది వదినా! ఆయన ఆగి నా వంక చూశాడు. నేను కాదండీ అన్నాను. మళ్ళీ ఎత్తుకున్నాడు. సంచి మళ్ళీ తుమ్మింది. ఈలోపు గాలికి ఆ ఘాటు ఆయన ముక్కుకెక్కింది. ఆయన తుమ్మాడు. వరసలో ఉన్న ట్రాక్టరాయన తుమ్మాడు. కొబ్బరికాయ కొడదామని చెయ్యెత్తితే తుమ్ము, దించితే తుమ్ము. చివరికి ఆ కాయ నేనే కొట్టుకున్నాను."

అమ్మ చేతిలో చేట పక్కన పెట్టేసి నవ్వుతోంది. నాన్న స్తంభానికి ఆనుకుని నవ్వుతున్నాడు.

"సత్రంలో అప్పుడే వడ్డనలు. వంటింట్లో సంచి విప్పాను. అంతే! నా మొహం మీదగా సాంబారు గంగాళం అంచు మీదికి, అక్కడ్నుంచి అటక మీదికి. ఒళ్ళు దులిపితే రాలిన కారం ఫ్యాను గాలికి బంతి మొత్తానికి. భోజనాల్లో ఉన్నవాళ్ళంతా ఒకటే తుమ్ములు. వంటావిడ గరిటె పుచ్చుకుని నా వెంటపడింది!"

మా ఇంట్లో అంత నవ్వు అంతకుముందెప్పుడూ వినలేదు. నేనైతే నేల మీద పడి దొర్లాను. నవ్వనిది అత్తయ్య ఒక్కతే.

"పిల్లేదిరా?" అంది.

"ఏమో అక్కా. అటక మీద కనపడలేదు. ఎటో పోయి ఉంటుంది."

"కళ్ళలో కారం కొట్టి, దిక్కు తెలియకుండా గిరగిరా తిప్పి, ఎరగని చోట వదిలొచ్చావురా," అంది అత్త. ఆ మాట గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఎవరికీ భయం వేసేది కాదు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాకు అప్పుడు నా పిల్లి గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

పత్తి వెళ్ళిపోయింది. గది బోసిగా అయింది. నాన్న సిమెంటు తెప్పించాడు. మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చేసరికి అత్త ఆ కంతకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కనే మూకుట్లో మజ్జిగన్నం. "అది తిరిగొస్తే ఎటునుంచి వస్తుందిరా?" అంది. నాన్న ఆమె మొహం చూసి, మేస్త్రీని తర్వాత రమ్మని పంపేశాడు.

ఆ ఆదివారం అత్తా నేనూ ఖాళీ కోళ్ళగంపతో పెదకాకాని బస్సెక్కాం. అత్త దారంతా కిటికీలోంచి రోడ్డు పక్క పొదలు వెతుకుతూనే ఉంది. సత్రం గుమ్మంలో వంటావిడ మమ్మల్ని చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వచ్చావా? మీ తమ్ముణ్ణి మాత్రం ఈ గుమ్మం తొక్కనివ్వకు. మీ పిల్లి ఎక్కడికీ పోలేదులే. బియ్యం కొట్టు అటక మీద నక్కింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉంటే మజ్జిగ మీగడ పెట్టాను. నేను చూస్తుంటే ముట్టదు. అటు తిరిగితే తింటుంది."

"ఎలకలు?" అంది అత్త.

"తగ్గాయి. తరుముతోందనే అనుకుంటున్నాను. నేనా వైపు చూడడం లేదు."

బియ్యం కొట్లో చీకటిగా, చల్లగా ఉంది. కొత్తబియ్యం వాసన. అత్త గంప నేల మీద వాల్చి, ఇంటి నుంచి తెచ్చిన దోసెడు పత్తి లోపల పరిచి, గోడ వైపు తిరిగి కూర్చుంది. నేనూ తిరిగి కూర్చున్నాను. కాసేపటికి వెనక మెత్తటి చప్పుడైంది. ఓరకంట చూశాను. చిరిగిన చెవి. నా పిల్లే! గంప చుట్టూ తిరిగింది. లోపలికెళ్ళి పత్తి వాసన చూసింది. అక్కడే ఒకసారి చుట్టూ తిరిగింది. తర్వాత బయటికొచ్చి, బియ్యం బస్తా ఎక్కి, కాళ్ళు మడుచుకుని మా వైపు చూస్తూ కూర్చుంది. మనుషులు చూస్తుండగా అది అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రానంటోంది," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఉంటానంటోందే పిచ్చిదానా," అంది అత్త. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, మొహమంతా నవ్వు.

లేచే ముందు ఆ పిల్లికి దూరం నుంచే దారి చెప్పింది. "ఇదుగో, ఆ ఊచ లేని కిటికీ చూశావా? అది దిగితే రోడ్డు. గుంటూరు మీదగా ప్రత్తిపాడు రోడ్డు పట్టుకో. అడ్డదారి తొక్కకు. ఎండెక్కాక చెట్టు కింద ఆగు. దాహమైతే బావి దగ్గర ఆడవాళ్ళనే అడుగు, మగవాళ్ళని అడగొద్దు. ఎవరమ్మాయివంటే పేరు చెప్పకు, నడుస్తూనే ఉండు. మన ఊరొచ్చాక వీధి గుమ్మానికి రావడానికి సిగ్గైతే దొడ్డివైపు రా. కంత తెరిచే ఉంటుంది."

పిల్లి బావి దగ్గర ఆడవాళ్ళని నీళ్ళడగడమేమిటని నేను బస్సులో నవ్వాను. అత్త కూడా నవ్వింది. ఆ దారంతా బఠాణీలు కొనిపెట్టి, పుట్టెడు కబుర్లు చెప్పింది. ఇంటికొచ్చాక బాబాయి నెత్తిన ఒక్కటి మొట్టి మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఈ మాటలన్నీ ఆమెకి చెప్పాను. అమ్మ చేట పక్కకి జరిపి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మీ అత్తకి ఊహ తెలియని వయసులో పెళ్ళి చేశారే," అంది. "ఒంగోలు అవతల పొగాకు పల్లెకి. గూడుబండికి తెరలు దించి తీసుకెళ్ళారు, ఏ దారిన వెళ్ళిందో కూడా తెలియదు. పొద్దస్తమానం పొగాకు పని చేయించుకుని, తిండి సరిగా పెట్టేవాళ్ళు కాదు. తలుపు గొళ్ళెం పెట్టేవాళ్ళు. ఒకరోజు ఎలాగో బయటపడి నడిచొచ్చేసింది. బావుల దగ్గర ఆడవాళ్ళని అడుగుతూ, అడుగుతూ. వచ్చి, వీధి గుమ్మంలోకి రావడానికి భయపడి దొడ్లో నిలబడిపోయింది. మీ నాన్న అప్పటికి చిన్నవాడు. పత్తిలో ఆడుకుంటూ ఆ కంతలోంచి కాళ్ళు చూశాడు. 'అక్క కాళ్ళు, అక్కొచ్చింది' అని అరుచుకుంటూ వెళ్ళి దొడ్డి తలుపు తీశాడు."

నేను లేచి పత్తిగది వైపు వెళ్ళాను. నాన్న గోడ దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. మేస్త్రీ లేడు. తెచ్చిన సిమెంటు ఆయనే కలిపి, ఆ కంత చుట్టూ అంచు నున్నగా పూస్తున్నాడు. పూడ్చడం లేదు, పూస్తున్నాడు.

"గరుకుంటే వచ్చేవాటికి వీపు గీసుకుపోతుంది," అన్నాడు నా వంక చూడకుండా. ఎలకల మందు పొట్లం పెంటదిబ్బలో కనిపించింది.

బూడిద పిల్లి తిరిగి రాలేదు. రావాల్సిన అవసరం దానికి ఎప్పుడూ పడలేదు. సత్రంలో అది ముసలిదయ్యేదాకా ఉంది, తరుముతూనే ఉంది. కానీ ఆ కంతలోంచి ఇంకా ఎన్నో పిల్లులు వచ్చాయి. ప్రతి ఏడూ పత్తికాలం అయ్యేసరికి అత్త మంచి చీర కట్టుకునేది. సైకిలు షాపు, విత్తనాల కొట్టు, బడి, పోస్టాఫీసు, ఊరు చుట్టుపక్కల మాకు వియ్యాలవారు లేని చోటు లేదు. ఇప్పుడు ఆ పత్తిగదులూ లేవు, అత్తయ్యా లేదు. పత్తి చేలోంచే మిల్లుకి పోతోంది, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి.

మా సెల్లార్ పిల్లి ఆ రోజు ఆ బస్తాలోంచి బయటపడి, ఎనిమిది తుమ్ములు తుమ్మి, ప్రెసిడెంటుగారి కారు కిందే దూరింది. నేను ఆయన దగ్గరికెళ్ళి, దానికో ఇల్లు చూసేదాకా నెల గడువడిగాను. టమాటాల ప్లాస్టిక్ ట్రేలు రెండు తెప్పించి, ఒకదాని మీద ఒకటి గంపలా బోర్లించి, రోజూ పెరుగన్నం పెట్టి, కారు టైరు వైపు తిరిగి కూర్చున్నాను. ఈ కాలం కాబట్టి పశువుల డాక్టరు చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాను. అత్త ఉంటే దానికి నన్ను తిట్టి, తర్వాత పిల్లికి మీగడ పెట్టి ఉండేది. కోచింగ్ పుస్తకాలమ్మే కొట్టాయన గోడౌనులో ఎలకలు ఫిజిక్సంతా తినేస్తున్నాయని విని, వెళ్ళి గోడౌనంతా చూసొచ్చాను. మాటలన్నీ తీసుకున్నాను. సందు ఎందుకండీ అని ఆయనా అడిగాడు.

నిన్న ఆటోలో ట్రే ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాం. ట్రే సందుల్లోంచి పచ్చటి కళ్ళు బయటికి చూస్తున్నాయి.

"ఇది మన నాలుగో లైను," అన్నాను. "ఇదుగో, ఇక్కడ మందుల షాపు దగ్గర ఎడమవైపు. ఈ అడ్డరోడ్డులో స్కూటర్లు ఎక్కువ, గోడ మీదగా రావాలి."

ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి నవ్వాడు. "పిల్లికి అడ్రసెందుకండీ?"

"నువ్వు ముందు చూసి నడుపు నాయనా," అన్నాను. "నాకింకా చెప్పాల్సింది చాలా ఉంది." చెప్పాల్సినవన్నీ చెప్పాను. దాహమైతే ఎవరినడగాలో కూడా చెప్పాను. చివర్లో సెల్లార్ వెనకవైపు కిటికీకి ఒక ఊచ నేనే తీయించానని చెబుతుంటే, ఎప్పటిదో ఎండ వాసన, గింజల నూనె వాసన, నా చెవి పక్కనే మా అత్తయ్య గొంతు.